పడక పక్కన పాట
(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే మనం మొట్టమొదట చేసే పనేమిటి? నుదుటిమీద చెయ్యివేసి చూస్తాం. ఆ తరువాత "నెమ్మదిగా మాట్లాడండర్రా, తాతగారు ఇప్పుడే కళ్లు మూశారు" అని పిల్లల్ని గదుముతాం. మందుకంటే ముందు నిశ్శబ్దం కావాలని మనకెవరూ పాఠం చెప్పలేదు. పసిపిల్ల నిద్రపట్టక గునుస్తూంటే ఒళ్లో వేసుకుని కూనిరాగం తియ్యమనీ ఎవరూ చెప్పలేదు. రెండూ మన అమ్మమ్మల దగ్గరనుంచి అలా చేతికి వచ్చేశాయి.

అక్కర్లేని చప్పుడును ఆపటం, కావలసిన పాటను వినిపించటం - ఈ రెండు పనులనూ ఈనాడు పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో, ప్రాణంమీదికి వచ్చినవాళ్లను ఉంచే ఐ.సి.యు. గదుల్లో డాక్టర్లూ నర్సులూ శ్రద్ధగా పరిశీలిస్తున్నారు. పాట రోగి పడక పక్కకు చేరటం మాత్రం నిన్నా మొన్నా జరిగింది కాదు. ఎన్నో శతాబ్దాలు నడిచి వచ్చింది. దారిలో కొన్నిచోట్ల తప్పిపోయి, మళ్లీ దొరికింది. ఆ కథే ఇవాళ మీతో చెప్పాలని.

ముందు మన దేశంతోనే మొదలుపెడదాం. చరకసంహిత సూత్రస్థానంలో పదిహేనో అధ్యాయం ఒకటుంది. చికిత్స ప్రారంభించేముందు ఏమేమి సిద్ధం చేసుకోవాలో అందులో పెద్ద జాబితా ఉంది. ఇల్లు గట్టిదై ఉండాలి, ఈదురుగాలి కొట్టకూడదు, పొగా దుమ్మూ రాకూడదు, స్నానానికీ, మరుగుకీ, వంటకీ చోటుండాలి. వండేవాళ్లు, ఒళ్లు పట్టేవాళ్లు, మందులు నూరేవాళ్లు ఉండాలి. ఇంతవరకు మనకు వింతేమీ లేదు. ఆ వరుసలోనే పాట పాడగలవాళ్లు, వాద్యాలు వాయించగలవాళ్లు, కథలూ పురాణాలూ చెప్పగలవాళ్లు కూడా కావాలన్నాడు. మందు నూరేవాడి పక్కనే పాడేవాణ్ణి కూడా కూర్చోబెట్టాడన్నమాట. పాలిచ్చే ఆవు కూడా ఉండాలట! ఐతే ఇంత ఏర్పాటు ఎవరికి? రాజుకీ, రాజంతటివాడికీ, బాగా డబ్బున్నవాడికీ. ఆ మాటా ఆ గ్రంథంలోనే ఉంది.

ఇటువంటిదే ఇంకొకటి టర్కీ దేశంలో ఎదిర్నె నగరంలో ఉండేది. ఒట్టోమాను సుల్తాను రెండవ బయజీదు కట్టించగా 1488లో పూర్తయిన ఆసుపత్రి అది. పదిహేడో శతాబ్దంలో ఆ ఊరు చూసిన ఎవ్లియా చెలెబీ అనే యాత్రికుడు, అక్కడ పదిమంది గాయకులూ వాద్యకారులూ వారానికి మూడుసార్లు రోగులకు సంగీతం వినిపించేవారని రాశాడు. ఆ కట్టడం ఇప్పుడు వైద్య చరిత్ర చెప్పే మ్యూజియంగా ఉంది. అదీ సుల్తాను ఖజానా ఉండబట్టే సాగింది. పాటకూ రోగికీ మధ్య అప్పటినుంచీ ఉన్న అడ్డం ఒక్కటే - ఖర్చు.

ఈ మాటను మొహమాటం లేకుండా చెప్పింది ఒక స్త్రీ. ఆమె పేరు మనందరికీ తెలుసు - ఫ్లారెన్సు నైటింగేలు. 1854లో క్రిమియా యుద్ధ సమయంలో 38 మంది నర్సులతో స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్లిన ఆవిడ, 1859లో 'నోట్స్ ఆన్ నర్సింగ్' అనే పుస్తకం రాసింది. ఇది నర్సుల కోసమే రాసిన పాఠ్యపుస్తకం కాదు సుమా. ఇంట్లో రోగిని కనిపెట్టుకుని ఉండే మామూలు ఆడవాళ్లకోసం రాసింది. అంటే మనకోసమే.

ఆ పుస్తకంలో ఒక అధ్యాయమంతా చప్పుడు గురించే. పెద్ద మోతకంటే ఉన్నట్టుండి వచ్చే చప్పుడు రోగిని ఎక్కువ హింసిస్తుందంటుంది. రోగి ఉన్న గదిలోనే గుసగుసలాడటం మరీ క్రూరమంటుంది. తన సంగతే మాట్లాడుకుంటున్నారని రోగికి తెలుసు, మాటలు మాత్రం వినపడవు, గుండె దడదడలాడుతుంది. పట్టుగౌన్ల గరగరను కూడా వదల్లేదావిడ. గంజిపెట్టిన చీరా, చేతినిండా గాజులూ వేసుకుని రోగి మంచం చుట్టూ తిరిగే మనకూ ఆ చురక తగులుతుంది, ఏమంటారు?

అక్కడే సంగీతం మాట కూడా ఎత్తింది. మనిషి గొంతూ, ఊదే వాద్యాలూ, తంత్రీవాద్యాలూ - తెగకుండా సాగే నాదం ఏదైనా రోగికి మేలు చేస్తుందనీ, ముక్కలు ముక్కలుగా పలికే పియానో అందుకు విరుద్ధమనీ గమనించింది. మన వేణువునూ ఫిడేలునూ తలుచుకుంటే ఆవిడ మాట మనకు తేలిగ్గానే అర్థమౌతుంది. కాని అందరు రోగులకూ సంగీతం ఏర్పాటు చెయ్యాలంటే అయ్యే ఖర్చు భరించలేమని అక్కడితో ఆ ప్రసక్తి వదిలేసింది. అప్పటికి పాట కావాలంటే పాడే మనిషి ఎదురుగా ఉండాలి గదా!

1891లో లండనులో ఫ్రెడరిక్ హార్ఫర్డు అనే మతాచార్యుడు సెయింటు సిసీలియా పేరున ఒక సంఘం పెట్టి, ఆసుపత్రుల్లో రోగులకు మెత్తని సంగీతం వినిపించే ప్రయత్నం చేశాడు. టెలిఫోను తీగలమీద పాటను ఆసుపత్రులకు పంపాలని కూడా ఆయన ఊహ! డబ్బు చాలక, ఆయన ఆరోగ్యమూ బాగుండక ఆ సంఘం ఎంతోకాలం నిలవలేదు.

ఈలోగా 1877లోనే అమెరికాలో ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టాడు. పాడేమనిషి లేకుండానే పాట వినటం సాధ్యమైంది. దాన్ని ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయిన డాక్టరు ఒకాయన ఉన్నాడు. పెన్సిల్వేనియా రాష్ట్రానికి చెందిన ఇవాన్ ఓనీల్ కేన్. బల్లమీద పడుకున్న రోగి మనస్సును ఆ భయంకర వాతావరణంనుంచి మళ్లించటానికి ఫోనోగ్రాఫు ఎంత పనికివస్తుందో 1914లో అమెరికన్ వైద్యసంఘం పత్రికకు రాశాడు. ఈయన సామాన్యుడు కాడు. 1921లో మత్తు సూది ఒంటికి ఆ మేరకే ఇచ్చుకుని, తన అపెండిక్సును తానే కోసి తీసుకున్నాడు! రోగి పడే భయం ఏమిటో డాక్టర్లందరిలోకీ ఆయనకు బాగా తెలిసి ఉండాలి.

ఆ తరువాత వచ్చింది మన రేడియో. 1925లో ఇంగ్లండులోని యార్కు నగరపు ఆసుపత్రిలో పడకల దగ్గర హెడ్‌ఫోనులు అమర్చి రోగులకు కార్యక్రమాలు వినిపించారు. రాజుకు మాత్రమే దొరికిన పాట, ధర్మాసుపత్రి మంచంమీది కూలివాడికీ అందిందన్నమాట.

ఈ కృషిలో ఆడవాళ్ల పాలు ఎంతో చెప్పకపోతే అన్యాయమౌతుంది. 1903లో న్యూయార్కులో సంగీత చికిత్సకోసం సంఘం స్థాపించింది ఈవా వెసేలియస్ అనే గాయని. 1919లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఈ విషయం బోధించింది మార్గరెట్ ఆండర్టన్ అనే పియానో విద్వాంసురాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల దగ్గర పనిచేసిన అనుభవం ఆవిడది. 1926లో ఆసుపత్రుల్లో సంగీతంకోసమే జాతీయ సంఘం పెట్టింది ఐసా మాడ్ ఇల్సెన్ - ఆవిడ నర్సూ, సంగీతజ్ఞురాలూ కూడా. 1944లో మిషిగన్‌లో దీనికి డిగ్రీ చదువు వచ్చింది. 1950లో అమెరికాలో సంగీత చికిత్సకుల జాతీయ సంఘం ఏర్పడింది. 1958లో బ్రిటనులో జూలియెట్ ఆల్విన్ అనే విద్వాంసురాలు ఇటువంటి సంఘాన్నే స్థాపించింది.

ఇక్కడ కథ ఒక మలుపు తిరుగుతుంది. పాట ఆసుపత్రిలోకి వచ్చి కుదురుకుంటున్న ఆ రోజుల్లోనే, ఆసుపత్రిలో ఒక కొత్త గది పుట్టింది.

1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి రోజూ పిల్లలూ పెద్దలూ వచ్చిపడుతున్నారు. కాళ్లూ చేతులూ పడిపోవటమే కాదు, ఊపిరి పీల్చే కండరాలు కూడా చచ్చుబడిపోతున్నాయి. శ్వాస ఆడించే యంత్రాలు చాలినన్ని లేవు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు ఒక ఉపాయం చెప్పాడు. గొంతుదగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టి, దానికి రబ్బరు సంచి తగిలించి, చేత్తో నొక్కుతూ ఊపిరితిత్తుల్లోకి గాలి పంపాలి. రాత్రనకా పగలనకా నొక్కుతూనే ఉండాలి. ఎవరు నొక్కుతారు? వైద్యవిద్యార్థులను పిలిచారు. సుమారు 1500 మంది వంతులవారీగా వచ్చి, రోజులూ వారాలూ నెలలూ రోగుల పక్కన కూర్చుని సంచీలు నొక్కారు. ఎంతోమంది బతికారు. మరుసటి ఏడు, 1953 డిసెంబరులో, ఇబ్సెన్ కోపెన్‌హాగెన్ మునిసిపల్ ఆసుపత్రిలో ఇలాంటి రోగులకోసం ప్రత్యేకంగా ఒక విభాగం తెరిచాడు. ప్రపంచంలో మొదటి ఐ.సి.యు. అదేనంటారు.

సోదరీమణులారా, ఒక్క విషయం గమనించండి. ఆ రోజుల్లో ఊపిరి పోసే యంత్రం ఒక మనిషి చెయ్యి. చెయ్యి ఉన్నచోట ముఖమూ ఉంటుంది, మాటా ఉంటుంది. తరువాత వెంటిలేటరు వచ్చింది. అది అలిసిపోదు, నిద్రపోదు. అది రావటంవల్ల ఎన్ని లక్షలమంది ప్రాణాలు దక్కాయో లెక్కలేదు. ఐతే పడక పక్కన మనిషి కూర్చునే కుర్చీ కూడా యంత్రానిదే ఐపోయింది.

ఐ.సి.యు.లో రోగి పరిస్థితి ఎలా ఉంటుందో ఆలోచించండి. నోట్లోంచి గొంతులోకి గొట్టం. అది స్వరపేటిక మధ్యనుంచి పోతుంది కాబట్టి మాట రాదు. గొట్టం పీకేసుకుంటాడేమోనని ఒక్కొక్కప్పుడు చేతులు కట్టివేస్తారు. రాత్రీ పగలూ ఒకటే వెలుతురు. పక్కన ఎవరి యంత్రమో కూత. ఆ కూత తనదో పక్కవాడిదో తెలియదు. ఆసుపత్రి గదిలో చప్పుడు పగలు 35, రాత్రి 30 డెసిబెళ్లు మించకుండా ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో చెప్పింది. ఐ.సి.యు.లలో కొలిచి చూస్తే 50 దాటటం మామూలు. మనం ఎదురెదురుగా కూర్చుని చెప్పుకునే కబుర్లు 60 ఉంటాయి. అంటే ఇరవైనాలుగు గంటలూ చెవిదగ్గర ఎవరో మాట్లాడుతున్నట్టే.

ఇటువంటి చోట భయం వెయ్యకుండా ఎలా ఉంటుంది? భయం వేస్తే గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, ఊపిరి వేగమౌతుంది. యంత్రం ఒక లయలో ఊపిరి పోస్తుంటే రోగి ఇంకో లయలో పెనుగులాడతాడు. దాన్ని అణచటానికి మత్తుమందు ఇస్తారు. అది అవసరమే. కాని ఎక్కువైనకొద్దీ తెలివి మందగిస్తుంది, యంత్రంనుంచి బయటపడటం ఆలస్యం కావచ్చు. కొందరికి పగలేదో రాత్రేదో తెలియక లేనిపోనివి కనిపిస్తాయి.

నైటింగేలు వదిలేసిన ప్రశ్నను ఇక్కడ మళ్లీ చేతికి తీసుకున్నదీ ఒక నర్సే. అమెరికాలో లిండా చ్లాన్ అనే ఆవిడ 1998లో వెంటిలేటరుమీద ఉండి తెలివితో ఉన్న 54 మందిమీద పరిశోధన ప్రచురించింది. అరగంటసేపు సంగీతం విన్నవారికి, ఊరికే విశ్రాంతి తీసుకున్నవారికంటే ఆందోళన తగ్గింది. గుండె వేగమూ, ఊపిరి వేగమూ నెమ్మదించాయి. అక్కడితో ఆగలేదు. 2013లో ఇంకా పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. మినియాపొలిస్, సెయింటు పాల్ నగరాల ప్రాంతంలోని 12 ఐ.సి.యు.లలో 373 మంది రోగులు. వాళ్లను మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి సంగీతం, ఒక భాగానికి చప్పుడు వినపడకుండా చేసే హెడ్‌ఫోనులు మాత్రం, ఒక భాగానికి ఎప్పటి మామూలు వైద్యం.

అసలు విశేషం ఏమిటంటే, ఏ పాట వినాలో డాక్టరు చెప్పలేదు, నర్సు చెప్పలేదు. సంగీత చికిత్సకురాలు రోగి దగ్గరికి వచ్చి, అతనికి ఏవి ఇష్టమో అడిగి, ఆ పాటలే ఏర్పాటు చేసింది. మాట రానివాడు తల ఊపి, సైగ చేసి చెప్పాడు. ఎప్పుడు వినాలి, ఎంతసేపు వినాలి, ఎప్పుడు ఆపాలి - అంతా రోగి ఇష్టమే. కొందరు గంటలకొద్దీ విన్నారు, కొందరు కాసేపే విన్నారు. ఐదోరోజు వచ్చేసరికి సంగీతం విన్నవారిలో ఆందోళన 36.5 శాతం తగ్గింది. మామూలు వైద్యం పొందినవారితో పోలిస్తే వీరికి మత్తుమందు ఇవ్వవలసి వచ్చిన సార్లు 38 శాతం తక్కువ.

ఎందుకిలా జరిగిందంటే కారణాలు రెండు చెప్పుకోవచ్చు. నిదానంగా సాగే సంగీతం వింటున్నప్పుడు గుండే ఊపిరీ నెమ్మదిస్తాయి. భయపెట్టే కూతలనుంచి మనస్సు పక్కకు తిరుగుతుంది. ఇది శరీరం సంగతి. రెండోది ఇంకా ముఖ్యమని నాకనిపిస్తుంది. ఐ.సి.యు.లో రోగి చేతుల్లో ఏదీ ఉండదు. ఎప్పుడు పడుకోవాలి, ఎటు ఒత్తిగిలాలి, ఎప్పుడు ఊపిరి పీల్చాలి - అన్నీ ఇతరులే చూస్తారు. అటువంటి మనిషికి "నీకేం కావాలి?" అని అడిగిన ప్రశ్న అదొక్కటే.

2014లో జోక్ బ్రాట్, చెరిల్ డిలియో అనే ఇద్దరు స్త్రీలు, వెంటిలేటరు రోగులమీద జరిగిన 14 పరిశోధనలను, అంటే 805 మంది వివరాలను, ఒకచోట చేర్చి పరిశీలించారు. సంగీతం ఆందోళనను తగ్గించటంలో, ఊపిరి వేగాన్ని నిదానింపజెయ్యటంలో పనికివస్తుందని తేల్చారు. 2018లో అమెరికాలోని ఐ.సి.యు. వైద్యనిపుణుల సంఘం, నొప్పి తగ్గించటానికి మందులతోపాటు సంగీతాన్ని కూడా వాడి చూడవచ్చని సూచించింది. గట్టి ఆజ్ఞ కాదది, మెత్తని సలహా. ఎందుకంటే సంగీతం జబ్బును నయం చెయ్యదు. మందుకు తోడు, అంతే. ఫలానా రాగం రక్తపోటుకు, ఫలానా రాగం మధుమేహానికి అని మందుబిళ్లల్లా రాగాలు పంచేవాళ్ల మాట విని మందు మానుకోకండి.

ఇంకొకమాట చెప్తే మీరు నవ్వుకుంటారో, ఉలిక్కిపడతారో! పెద్దాయన ఐ.సి.యు.లో ఉన్నాడని, భక్తికొద్దీ ఘంటసాలగారి భగవద్గీత పెడదామనుకుంటాం. నిత్యం పూజగదిలో వినే మనిషికైతే అంతకంటే ఊరట లేదు. కాని మన ఊళ్లలో ఆ గీత ఎక్కడెక్కడ వినిపిస్తుందో మీకు తెలియనిదేముంది? వీధి మలుపులో అది వినిపించగానే "అయ్యో, ఎవరింట్లో?" అనుకుంటాం కదా. అలా అలవాటుపడ్డ మనిషి మంచంమీద పడుకుని అదే వింటే, తన పని ఐపోయిందని హడలిపోడూ! పాటలో తప్పు లేదు. ఎవరికి ఏది దేన్ని గుర్తుచేస్తుందో తెలుసుకోకపోవటమే తప్పు. పాత సినిమా పాటతో ఊరట పొందే అత్తగారికి, మనకు నచ్చిందని త్యాగరాజకృతి పెడితే ఏం ప్రయోజనం?

నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు కూడా ఇది వర్తిస్తుంది. అమెరికాలో 11 ఆసుపత్రుల్లో అటువంటి 272 మంది పిల్లలతో జరిపిన పరిశోధనను జోన్ లోవీ బృందం 2013లో ప్రచురించింది. కన్నవాళ్లకు ప్రీతిపాత్రమైన పాటనే ఎన్నుకుని, దాన్నే జోలపాటగా మెల్లగా పాడించారు. పిల్లల గుండె వేగం కుదుటపడటమే కాదు, కన్నవాళ్ల బెంగ కూడా తగ్గింది. అమ్మ పాడితే అమ్మకే ఊరట! ఈ సంగతి మన అమ్మమ్మలకు చెప్తే "ఇందుకు పరిశోధన కూడానా?" అనేవారు.

ఇక మనం చెయ్యగలిగిందేమిటి? మనవాళ్లెవరైనా అలాంటి స్థితిలో ఉంటే, పాట వినిపించవచ్చునా అని ముందు డాక్టరునో నర్సునో అడగండి. ఒప్పుకుంటే ఇరవై ముప్ఫై నిమిషాలు, తక్కువ శబ్దంతో, శుభ్రం చేసిన హెడ్‌ఫోనులోనే వినిపించండి. ఫోను బయటికి మోగేట్టు పెడితే మనవాడికి పాట ఐనది పక్కమంచం వాడికి రణగొణధ్వని ఔతుంది. రోగి ముఖం చూస్తూ ఉండండి. కనుబొమలు ముడిపడినా, తల తిప్పుకున్నా వెంటనే ఆపెయ్యండి. వినికిడి తక్కువైన పెద్దవాళ్లకు వినికిడి యంత్రం పెట్టారో లేదో చూడండి. ఆపిన తరువాత కాసేపు నిశ్శబ్దం కూడా ఉండనివ్వండి.

వీటన్నిటికంటే ముందు చెయ్యవలసిన పని మాత్రం ఆసుపత్రిలో కాదు, ఇంట్లోనే ఉంది. గొంతులో గొట్టం ఉన్న మనిషి తన పాట పేరు చెప్పలేడు. స్పృహ సరిగా లేనివాడు సైగ కూడా చెయ్యలేడు. అప్పుడు నర్సు మనల్నే అడుగుతుంది - "ఈయనకి ఏ పాటలంటే ఇష్టమండీ?" అని. జవాబు మన దగ్గర ఉందా? మీవారు స్నానం చేస్తూ కూనిరాగం తీసేదేమిటో, మామగారు రేడియో దగ్గరికి కుర్చీ లాక్కునేది ఏ పాటకో, కాలేజీ అబ్బాయి చెవుల్లో పెట్టుకుని తిరిగేదేమిటో ఒక్కసారి కనుక్కోండి. ఓ కాగితంమీద రాసి మందుల చీటీల పక్కన పెట్టుకోండి.

ఆ కాగితంలో చివర ఒక పేరు మరిచిపోకండి. ఇంటిల్లిపాదికీ కాఫీలో పంచదార ఎంతో, ఎవరికి ఏ కూర పడదో మీకు కంఠతా వచ్చు. మరి మీకు ఏ పాట ఇష్టమో మీ ఇంట్లో ఎంతమందికి తెలుసు? రాయించుకునేటప్పుడు మీదీ చెప్పండి. ఒకసారి పాడి వినిపించండి కూడా.